విడిగా దాచిన వెలుగు: కొల్లేటి దోనె నుండి సముద్రపు పడవ వరకు

మన ప్రాంత చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా ఆనకట్టలతోను, కాలువలతోను, బడుల స్థాపనతోను మొదలుపెడతారు. అది న్యాయమే. అయితే ఈ కొల్లేటి సీమలో తరతరములుగా చీకటి రాత్రులలో నీటి మీదికి వెళ్ళి, తెల్లవారేసరికి మన వంటయిండ్లకు చేపను చేర్చినవారి పడవలో ఏ దీపము వెలిగినదో, ఆ దీపము ఆరిన రాత్రి వారికి ఏది దిక్కయినదో వ్రాసినవారు బహు కొద్దిమంది. ఈ శతవార్షిక సంచికలో మాకు లభించిన పుటలను ఆ చిన్న చరిత్రకు వినియోగింపదలచాము. ఇది పడవలోని దీపపు కథ. అంతకంటె ముఖ్యముగా, ఆ దీపము ఆరినప్పుడు పనికివచ్చుటకై విడిగా దాచిన రెండవ దీపపు కథ. నేటి మాటలో చెప్పవలెనన్న, చిన్న చేపల పడవలోనికి రెండవ బ్యాటరీ ఎందుకు వచ్చినది, ఎట్లు వచ్చినది, దానిని ఎట్లు అమర్చవలెను అన్నదే మా విషయము.

ఇది ఆకివీడు వారికి దూరమైన విషయము కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు కొల్లేటిలో నిలుచును. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో పరుచుకున్న ఈ సరస్సునకు సముద్రముతో గల దారి ఉప్పుటేరు. అది మన ఆకివీడు ప్రక్కగా సాగి, సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతములో కలియును. ఆ నీటి దారికి ఒక కొసన తాటి దోనె, మరొక కొసన సముద్రపు నావ. 2022వ సంవత్సరములో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు ఏలూరు ఒక జిల్లాకును, ఆకివీడు మరొక జిల్లాకును చేరినవి గాని, నీరు మాత్రము పూర్వపు దారినే నడుచుచున్నది.

నూనె దీపముల కాలము

కొల్లేరు లోతైన సరస్సు కాదు. ఎండాకాలములో చాలాచోట్ల మనిషి నిలువు లోతు కూడ ఉండదు. అందువలన ఇక్కడి దోనెకు తెడ్డుకంటె గడ ముఖ్యము. తాటి మానును చీల్చి, లోపలి మెత్తని భాగమును తొలిచి చేసిన దోనె మీద ఒకరు నిలబడి గడ వేయగా, మరొకరు కూర్చుండి వల చూచుకొందురు. ఆ దోనె ముందు భాగమున కిరసనాయిలు లాంతరు ఒకటి. లంక గ్రామముల మధ్య రాత్రి ప్రయాణమునకు చాలకాలము అదే ఆధారము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలలో సరుకు పడవలు తిరుగనారంభించినవి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపినది. ఆ కాలువ పడవలకును రాత్రివేళ నూనె దీపమే కన్ను.

లాంతరు తరువాత పెట్రోమాక్సు దీపము వచ్చినది. 1885లో ఆస్ట్రియా దేశస్థుడైన ఆవర్ కనిపెట్టిన మేంటిల్, అనగా వేడికి తెల్లగా మెరిసే బూడిద వల, దానికి మూలము. 1910 ప్రాంతమున జర్మనీలో తయారైన పెట్రోమాక్సు ఆ మేంటిల్‌కు కిరసనాయిలు ఆవిరిని గాలి ఒత్తిడితో అందించినది. మన పెండ్లి ఊరేగింపులకును, రాత్రి కూటములకును, చేపల వేటకును ఆ దీపమే పగలు తెచ్చినది. కాని ఒక్క పెద్ద కుదుపునకు మేంటిల్ రాలిపోవును. అప్పుడు మిగులునది చీకటి.

అనుభవము గల పెద్దలు లాంతరు నిండ నూనె పోసుకొని ఊరుకొనేవారు కారు. ఒక సీసాలో వేరుగా కొంత నూనె, తడి తగలని డబ్బాలో ఒక అగ్గిపెట్టె ఉంచుకొనేవారు. లాంతరులోని నూనె రాత్రి పనికి, సీసాలోని నూనె ఇంటికి చేరుటకు. పని ఎంత మిగిలియున్నను ఆ సీసా మూత తీయరాదు. సిద్దెలలో వేరుగా నూనె తీసికొనిపోయిన వారి తెలివిని గూర్చి మన సంఘములలో వివరించి చెప్పనక్కరలేదు. మేము ఈ వ్యాసములో చెప్పబోవు విద్యుత్తు ఏర్పాటులన్నిటి సారము ఆ సీసాలోనే ఉన్నది. నిల్వ అనగా మిగిలినది కాదు, ముందుగానే వేరుచేసి పెట్టినది.

బ్యాటరీ పుట్టుక

1800వ సంవత్సరములో ఇటలీ దేశస్థుడైన అలెస్సాండ్రో వోల్టా రెండు వేర్వేరు లోహముల బిళ్ళలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ ఉప్పునీటితో తడిపిన అట్టలు ఉంచి, ఎడతెగక ప్రవహించు విద్యుత్తును మొదటిసారి పుట్టించాడు. అయితే ఆ పేర్పు ఒకసారి అరిగిపోయిన తరువాత తిరిగి బలము పుంజుకొనదు. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు పలకలను గంధకికామ్లములో ముంచి, విద్యుత్తును లోపలికి పంపి నింపుకొనుటకును, తిరిగి తీసికొనుటకును వీలైన బ్యాటరీని చేశాడు. 1881లో కమిల్ ఫోర్ ఆ పలకలకు సీసపు ముద్దను పూసి దాని శక్తిని పెంచి, తయారీని సులభము చేశాడు. నేడు మన ట్రాక్టరులోను, లారీలోను, ఇంటి ఇన్వర్టరు క్రిందను ఉండునది ఆ వంశములోనిదే. ఒక్కొక్క గది 2 వోల్టులు, ఆరు గదులు చేరి 12 వోల్టులు.

మన పడవలలోనికి మొదట అడుగుపెట్టిన విద్యుత్తు మాత్రము ఈ పెద్ద బ్యాటరీ కాదు. అది చేతి టార్చిలోని సెల్లు. ఆ తరువాత ట్రాన్సిస్టరు రేడియో. ట్రాన్సిస్టరు 1947లో అమెరికాలో పుట్టినది, దానితో చేసిన జేబు రేడియోలు 1954లో అక్కడి అంగళ్ళకు వచ్చినవి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. ట్రాన్సిస్టరు చౌక అయిన పిమ్మట, పాటలు వినిపించిన ఆ పెట్టెయే వాయుగుండము వార్తను కూడ పడవలోనివారికి వినిపించినది. సెల్లులు అయిపోయిన రేడియో తుఫాను వార్త చెప్పలేదు. నిల్వ విద్యుత్తు లేకపోవుట ప్రాణముల విషయమని మన తీరమునకు మొదట నేర్పినది ఆ చిన్న పెట్టెయే అని మేము భావించుచున్నాము.

రెండు ఓడలు నేర్పిన పాఠము

ఈ పాఠమును ప్రపంచమునకు నేర్పినవి రెండు పెద్ద ఓడలు. మన చిన్న పడవ కథలో వాటిని చెప్పుటకు కారణము గలదు. నేడు పడవలో రెండవ బ్యాటరీ పెట్టుటకు గల న్యాయమంతయు ఆ రెండు రాత్రులలోనే తేటపడినది.

1909 జనవరి 23న అమెరికా తూర్పు తీరమున నాంటకెట్ ద్వీపమునకు సమీపములో, దట్టమైన మంచులో, రిపబ్లిక్ అను ప్రయాణికుల ఓడను ఫ్లోరిడా అను మరొక ఓడ ఢీకొన్నది. ఇంజను గదిలోనికి నీరు చొరబడినది. డైనమోలు ఆగిపోయినవి. ఓడ అంతట చీకటి. వైర్‌లెస్ పరికరము చూచు యువకుడు జాక్ బిన్స్ విరిగిన తన గదిలోనే కూర్చుండి, విడిగా ఉంచిన బ్యాటరీలతో ఆపద సందేశము పంపనారంభించాడు. ప్రధాన విద్యుత్తు లేనందున సంకేతము బలహీనము, అయినను తీర కేంద్రమునకు అందినది. గంటల తరబడి మంచులో వెదకిన పిమ్మట బాల్టిక్ అను ఓడ వారిని చేరినది. రిపబ్లిక్ మరునాడు మునిగిపోయినది. ఆ గుద్దుకొనుటలో ఆరుగురు మరణించగా, రెండు ఓడలలోని సుమారు 1,500 మంది బ్రతికి బయటపడినారు.

మూడు సంవత్సరముల తరువాత, 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. ఆ ఓడ తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషములకు మునిగినది, దీపములు మాత్రము చివరి నిమిషముల వరకు వెలుగుచునే ఉన్నవి. ఇంజనీర్లు డైనమోలను వదలిపెట్టలేదు, వారిలో ఒక్కరును బ్రతుకలేదు. ఆ విద్యుత్తుతో వెళ్ళిన సందేశమును విని కార్పేథియా ఓడ వచ్చి 700 మందికి పైగా రక్షించినది. సుమారు 1,500 మంది మరణించారు.

ఆ సంవత్సరము జూలైలోనే అమెరికా చట్టము సవరింపబడినది. ప్రయాణికుల ఓడలో వైర్‌లెస్ కొరకు ప్రధాన విద్యుత్తుతో సంబంధము లేని వేరొక విద్యుత్తు ఉండవలెననియు, అది కనీసము నాలుగు గంటలు పరికరమును నడుపగలిగి ఉండవలెననియు ఆ చట్టము నిర్ణయించినది. ఇందులో రెండు మాటలు గమనింపదగినవి. ఒకటి, "వేరొక". రెండు, "నాలుగు గంటలు". నిల్వ వేరుగా ఉండవలెను, ఎంత సేపటికో లెక్క కట్టి ఉండవలెను. 1914 జనవరిలో లండనులో పలు దేశములు కూడి సముద్రముపై ప్రాణరక్షణకై మొదటి ఒడంబడిక వ్రాసికొన్నవి.

అయితే ఆ ఒడంబడికలు పెద్ద ఓడల కొరకు. చేపల పడవలు చాలవరకు వాటి వెలుపలనే ఉండిపోయినవి. 1977 ఏప్రిల్‌లో స్పెయిన్ దేశములోని టొర్రెమోలినోస్ పట్టణములో చేపల ఓడల రక్షణకై ఒక ఒడంబడిక కుదిరినది గాని, అది 24 మీటర్లు, అంతకు మించిన పొడవు గల ఓడలకే. అదియు ఆ రూపములో అమలులోనికి రానేలేదు. ఎనిమిది మీటర్ల నావలో పోవు మనిషి ఏ లెక్కలోను చేరలేదు. ఆ సంవత్సరమే నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను తీసికొనిపోయినది. మన పెద్దలకు ఆ తేదీని ఎవరును గుర్తుచేయనక్కరలేదు.

మన తీరమున ఇంజను వచ్చిన విధము

స్వాతంత్ర్యానంతరము 1952లో భారతదేశము, నార్వే, ఐక్యరాజ్యసమితి కలసి చేసికొన్న ఒప్పందముతో కేరళలోని కొల్లం ప్రాంతమున పడవలకు ఇంజనులు అమర్చు పని పూనికతో మొదలైనది. 1979లో బంగాళాఖాత కార్యక్రమము మద్రాసు కేంద్రముగా ఆరంభమై, అలలను దాటి ఇసుక ఒడ్డునకే చేరగల పడవల నమూనాలను తయారుచేసినది. మన ఆంధ్ర తీరమున తెప్ప, నావ అను పాత రూపములు క్రమముగా ఫైబరుతో తయారగుచు వచ్చినవి. తెరచాప తగ్గినది, ఇంజను పెరిగినది.

మొదటి చిన్న డీజిలు ఇంజనులను చేతి హ్యాండిలుతో తిప్పి, బయటి మోటారులను తాడు లాగి నడిపేవారు. వాటికి బ్యాటరీ అక్కరలేదు. బ్యాటరీ పాడైనను పడవ ఇంటికి వచ్చును. తరువాత ఇంజను పెద్దదైనది, సెల్ఫ్ స్టార్టు వచ్చినది. ఒక బ్యాటరీ పెట్టిన తరువాత దానికే దీపము కలిపారు. దీపము తరువాత లోతు చూపు యంత్రము, దాని తరువాత వైర్‌లెస్ సెట్టు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వము జి.పి.ఎస్. సంకేతములలో కావాలని కలుపుచున్న తప్పును తీసివేయగా ఆ పరికరము చిన్న పడవకు కూడ నమ్మదగిన దారి చూపరియైనది. పిమ్మట సెల్‌ఫోను. ఇవన్నియు ఒకే బ్యాటరీ మెడకు తగిలించబడినవి.

ఇక్కడనే ప్రమాదము పొంచియున్నది. వల వేసి ఇంజను ఆపి, దీపము వెలిగించుకొని, ఫోనులు చార్జింగు పెట్టుకొని, పాటలు వినుచు తెల్లవార్లు కూర్చున్న పడవలో, తెల్లవారి ఇంజను తిప్పబోవు వేళకు బ్యాటరీ దిగిపోయి ఉండును. అప్పుడు ఇంజను మాత్రమే కాదు, దీపము, వైర్‌లెస్, జి.పి.ఎస్. అన్నియు ఒక్కసారిగా మూగవోవును. పడవ గాలి ఎటు తోస్తే అటు పోవును. పూర్వపు లాంతరు పడవలో ఒకటి పాడైతే మరొకటి మిగిలేది. ఒంటి బ్యాటరీ పడవలో ఒకటి పాడైతే అన్నియు పాడే. సౌకర్యము పెరిగినకొలది ఆధారము సన్నబడినది.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానులో వేటకు వెళ్ళి తిరిగిరానివారు వందలలో ఉన్నారు. అట్టి గాలి ముందు బ్యాటరీ నిలిచి పడవను కాపాడునని మేము అనబోము. కాని హెచ్చరిక వినుట, తామున్న చోటు చెప్పుట, వెదకువారికి కనబడుట అను మూడు పనులకును విద్యుత్తే కావలెను. ఆ మూడింటిలో ఒక్కటియైనను జరిగినచో ఇంటివారు ఒడ్డున సంవత్సరముల తరబడి ఎదురుచూచు దుఃఖము కొన్ని కుటుంబములకైనను తప్పవచ్చును.

రెండు బ్యాటరీల అమరిక

ఈ ఇబ్బందికి పడవలవారు కనుగొన్న ఉపాయము రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజనుకు, ఒకటి రక్షణకు. ఇంజను తిప్పుటకు కొద్ది సెకండ్ల పాటు వందల ఆంపియర్ల విద్యుత్తు కావలెను, అందుకు పలుచని పలకలు ఎక్కువగా గల బ్యాటరీ తగును. దీపము, వైర్‌లెస్ రాత్రంతయు కొద్దికొద్దిగా తీసికొనును, అందుకు మందమైన పలకలు గల బ్యాటరీ తగును. ఒకటి పరుగుపందెపు ఎద్దు, మరొకటి అరక ఎద్దు.

ఈ రెండింటిని ఒకే ఇంజను డైనమోతో నింపుట ఎట్లు? ఇందులో మూడు తరములు గలవు. మొదటిది చేతి స్విచ్చి. "ఒకటి, రెండు, రెండును కలిపి, ఏదియు లేదు" అని నాలుగు స్థానములు. ఇది చౌక, సులభము. కాని దీని లోపము మనిషి మరపు. స్విచ్చిని "రెండును కలిపి" అను చోట వదలి నిద్రపోయినచో రెండు బ్యాటరీలును కలిసి దిగిపోవును. రెండవ తరము డయోడు. ఇది విద్యుత్తును బ్యాటరీలలోనికి పోనిచ్చును గాని ఒకదానినుండి మరొకదానికి పోనీయదు. కాని దారిలో సుమారు 0.7 వోల్టు అదే మ్రింగివేయును, అందువలన బ్యాటరీలు పూర్తిగా నిండవు. మూడవది వోల్టేజిని చూచి పనిచేయు రిలే. ఇంజను నడిచి వోల్టేజి సుమారు 13.3కు పెరిగినప్పుడు రెండు బ్యాటరీలను కలుపును. ఇంజను ఆగి 12.8 ప్రాంతమునకు దిగినప్పుడు తానే విడదీయును. మరచుటకు ఇందులో తావు లేదు. నేడు చిన్న పడవకు ఇదే మేలని మా అభిప్రాయము.

రక్షణ బ్యాటరీ ఎంత పెద్దది ఉండవలెను? 1912 నాటి చట్టము వలె గంటలతో లెక్క కట్టవలెను. 12 గంటల చీకటిని తీసికొందము. అన్ని దీపములును ఎల్.ఇ.డి. రకమైనచో గంటకు సుమారు 1 ఆంపియరు, మొత్తము 12. జి.పి.ఎస్. అర ఆంపియరు చొప్పున 6. వైర్‌లెస్ సెట్టు వినుటకు అర ఆంపియరు చొప్పున మరొక 6. మాటలాడునప్పుడు సెట్టు 5 ఆంపియర్లు తీసికొనును గాని, అంతయు కలిపి పావుగంట మాటలాడినను ఒకటింబావుకు మించదు. కూడిక సుమారు 25 ఆంపియర్-గంటలు. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడినచో అది త్వరగా చెడును, కాబట్టి 50 ఆంపియర్-గంటల బ్యాటరీ కావలెను. పాతకాలపు వేడి బల్బులైనచో దీపములకే ఇంతకు ఎన్నో రెట్లు పట్టేది. నీలి ఎల్.ఇ.డి.ని సాధించి తెల్లని ఎల్.ఇ.డి. దీపమునకు దారి తీసినందుకు జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ ఫలము చిన్న పడవకు ఈ రూపములో చేరినది.

ఇక అమర్చు పద్ధతి. రిపబ్లిక్ ఓడలో ముందుగా మునిగినది ఇంజను గది. చిన్న పడవలోను నీరు ముందు చేరునది ఇంజను అడుగునకే. కాబట్టి రక్షణ బ్యాటరీని ఇంజను బ్యాటరీ ప్రక్కనే పెట్టుట సగము మాత్రమే తెలివి. దానిని వీలైనంత ఎత్తున, గాలి ఆడు పెట్టెలో, కుదుపునకు కదలకుండ పట్టీతో బిగించవలెను. గాలి ఎందుకనగా, నిండుచున్న బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును, దానికి నిప్పురవ్వ చాలును. నీరు తగలరాదు ఎందుకనగా, సముద్రపు ఉప్పునీరు బ్యాటరీ ఆసిడ్డులో కలిసినప్పుడు క్లోరిన్ అను విషవాయువు పుట్టును.

బ్యాటరీనుండి బయలుదేరు ఎర్ర వైరుకు ఏడు అంగుళములలోపే ఫ్యూజు ఉండవలెనని అమెరికా పడవల ప్రమాణములు చెప్పుచున్నవి. ఫ్యూజు లేని వైరు ఎక్కడ ఒరిసికొని తెగినను మంట పుట్టును, నీటి నడుమ మంటకంటె భయంకరమైనది లేదు. ఇంజను స్టార్టు వైరుకు మాత్రము ఈ నియమములో మినహాయింపు ఇచ్చారు. తీగ తగరపు పూత గల రాగి తీగ అయినచో ఉప్పు గాలికి ఓర్చుకొనును. ఇంటి వైరును మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కొద్ది నెలలకే పచ్చని చిలుము పట్టి, దీపము మసకబారును. తీగ సన్నమైనను, పొడవు ఎక్కువైనను వోల్టేజి దారిలోనే తరిగిపోవును. వైర్‌లెస్ సెట్టుకు విడి తీగ, విడి ఫ్యూజు ఉండవలెను, దీపము ఫ్యూజు పోయినప్పుడు సెట్టు మూగవోరాదు.

వీటన్నిటితోపాటు ఒక చిన్న వోల్టుమీటరు. పనిలేని స్థితిలో 12.7 చూపినచో నిండు బ్యాటరీ, 12.2 చూపినచో సగము. ఒడ్డు వదలకముందు ఆ ముల్లును చూచుట, వల సరిచూచుకొనుట వలె అలవాటు కావలెను.

నేటి సంగతులు

1978లో పార్లమెంటు చట్టముతో స్థిరపడిన భారత తీర రక్షక దళమునకు నేడు సముద్రములో ఆపదను తెలుపు టెలిఫోను సంఖ్య 1554. 2010 నుండి ఇస్రో తయారుచేయించిన ఆపద సందేశ యంత్రము చేపల పడవలలో వాడుకలో ఉన్నది. మీట నొక్కినప్పుడు అది పడవ ఉన్న చోటును ఉపగ్రహము ద్వారా రక్షణ కేంద్రమునకు తెలుపును. 2024 జనవరిలో వెలువడిన దాని రెండవ రూపము, సందేశము అందినదని తిరుగు జవాబును కూడ పడవకు తెచ్చును. ఆపదలో ఉన్నవానికి "విన్నాము" అను మాట ఎంత ధైర్యమో మనము ఊహింపవచ్చును. అదే సంవత్సరము ఆగస్టు 30న దేశములోని లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చు పథకము ప్రారంభింపబడినది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును, చేపలు దొరకు తావులను తెలియజేయుచున్నది.

ఇవన్నియు మంచివే. కాని ఆకాశములో ఎన్ని ఉపగ్రహములున్నను, పడవలో పన్నెండు వోల్టులు లేనిచో వాటిలో చాలవరకు పనిచేయవు. 1972లో కుదిరి 1977 జూలై 15 నుండి అమలైన అంతర్జాతీయ నియమముల ప్రకారము రాత్రివేళ పడవకు ఎడమ ప్రక్క ఎర్రదీపము, కుడి ప్రక్క పచ్చదీపము ఉండవలెను. వల లాగు ట్రాలరు తెలుపుపై పచ్చని దీపమును, ఇతర పద్ధతులలో వేటాడు పడవ తెలుపుపై ఎర్రని దీపమును చూపవలెను. ఏడు మీటర్లకు లోపై మెల్లగా నడుచు మరపడవ చుట్టును కనబడు ఒక తెల్లదీపముతో సరిపెట్టుకొనవచ్చును. తెడ్డుతో పోవు పడవకు సమయమునకు చూపుటకు చేతిలో టార్చియైనను సిద్ధముగా ఉండవలెను. పెద్ద సరుకు ఓడ సరంగునకు దీపము లేని చిన్న పడవ లేనట్టే.

కొల్లేటి విషయము కూడ చెప్పి ముగించెదము. 1999లో కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యమైనది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది, 2006లో ప్రభుత్వము సరస్సు లోపలి చేపల చెరువుల గట్లను తొలగించినది. ఆకివీడు చుట్టును గల చెరువులలో చేప, రొయ్య పెంపకము మన జీవనాధారములలో ఒకటి. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గును, ఏరియేటర్లు తిరుగవలెను, కరెంటు పోయినచో గంటలలో పంట పోవును. అందుకే చెరువు గట్టున డీజిలు జనరేటరు సిద్ధముగా ఉంచుకొందురు. ఆ జనరేటరును పెండ్లి పందిరికి అద్దెకిచ్చి రాత్రికి చెరువును వదలివేయు రైతు మనకు కనబడడు. రొయ్యకు ఇచ్చిన ఆ శ్రద్ధను అదే నీటి దారి కొసన సముద్రముపై ఉన్న మనిషికి ఇవ్వకుండుట న్యాయమా అని మా ప్రశ్న.

రెండవ బ్యాటరీ, రిలే, ఫ్యూజులు, మంచి తీగ, ఇవి కొనుటకు డబ్బు కావలెను, రోజు గడుచుటే కష్టమైన ఇంట అది చిన్న మాట కాదు. కావున ఇది ఒక్కొక్క ఇంటికి వదలవలసిన పని కాదు. వైరింగు పని నేర్చిన యువకులు మన ఊళ్ళలో ఉన్నారు. మత్స్యకార సహకార సంఘములు ఉన్నవి. తీర గ్రామములలో మన బంధువులు ఉన్నారు. వేట నిషేధపు రోజులలో పడవలు ఒడ్డున ఉన్నప్పుడు ఒక్కొక్క పడవను చూచి, అతుకులు విప్పి, చిలుము గీకి, ఫ్యూజులు వేసి, రెండవ బ్యాటరీని ఎత్తున బిగించుటకు ఒక్కొక్క దినము చాలును.

అయితే అమర్చినవారు ఒక్క మాట చెప్పి రావలెను. ఆ రెండవ బ్యాటరీ పాటలకు కాదు, ఫోనుకు కాదు, వంటదీపమునకు కాదు. చేపలు విరివిగా పడుచున్న రాత్రి ఇంకొక గంట వెలుగు కావలెనని చేయి దానిమీదికి పోవును. ఆ వేళ ఆగగలిగినవాడే మన పూర్వికుల సీసా మర్మము తెలిసినవాడు. పెద్దలు వాడిన దీపముల పేర్లను, పడవల అమరికలను, ఆపదనుండి బయటపడిన విధములను యువజనులు వారినడిగి వ్రాసియుంచినచో, రాబోవు తరమువారికి ఈ చరిత్ర ఇంతకంటె నిండుగా అందును.